ఒక్క పనిముట్టుతో అన్ని నట్లూ బిగించగలమా? ఏది ఎవరికి సరిపోతుంది

13 సైజు నట్టు ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. ఎదురెదురు పక్కల మధ్య దూరం 13 మిల్లీమీటర్లు. ఎదురెదురు మూలల మధ్య కొలిస్తే దాదాపు 15. అంటే ఒక్కో మూల, పక్క కన్నా ఒకే ఒక్క మిల్లీమీటరు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. స్పానర్ పట్టు అంతా ఆ మిల్లీమీటరు మీదే. స్పానర్ నోరు కాస్త వదులైతే ఆ కొంచెం పట్టులోనూ కొంత పోతుంది. అప్పుడు గట్టిగా లాగితే మూలలు చితికి నట్టు గుండ్రంగా అయిపోతుంది. స్పానర్ జారి, ఆ ఊపులో మన వేళ్ల కణుపులు ఎదురుగా ఉన్న ఇనుముకి తగులుతాయి.

ఇంట్లోకి ఒకటే పనిముట్టు కొనుక్కుందామనుకునేవాళ్లు, బండి సీటు కింద ఒకటి పడేసుకుందామనుకునేవాళ్లు, పాలిటెక్నిక్‌లో ప్రాజెక్టు కోసం "అన్నిటికీ పనికొచ్చే స్పానర్" తయారు చేద్దామనుకునే పిల్లలు అందరూ అడిగేది ఒకటే: అన్ని సైజులకీ పనిచేసేది ఏది? నా దృష్టిలో ఈ ప్రశ్న సగమే. అన్ని సైజుల నట్లకీ నోరు సరిపెట్టడం కష్టం కాదు, దానికి వంద దారులున్నాయి. కష్టమంతా ఆ నట్టుకి ఎంత బలం కావాలో అంతే అందేలా చూడటంలో ఉంది. బోల్టు తెగినా, మర పోయినా ఎక్కువసార్లు కారణం పనిముట్టు పొడవే.

పొడవు సంగతి ముందు తేల్చుకుందాం

బిగింపు బలాన్ని టార్క్ అంటాం. చేతి బలాన్ని, నట్టు మధ్య నుంచి చెయ్యి పట్టుకున్న చోటు వరకు ఉన్న దూరంతో గుణిస్తే వచ్చేదే అది. 20 సెంటీమీటర్ల పిడి చివర పట్టుకుని 20 కిలోల బలంతో లాగితే 4 కిలోగ్రామ్ మీటర్లు, అంటే దాదాపు 39 న్యూటన్ మీటర్లు.

ఇప్పుడు బోల్టుకి ఎంత కావాలో చూద్దాం. తల మీద 8.8 అని రాసి ఉండే మామూలు గట్టి బోల్టుల్లో ఎమ్6 బోల్టుకి (అంటే మర ఉన్న కడ్డీ మందం 6 మిల్లీమీటర్లు) సుమారు 10 న్యూటన్ మీటర్లు చాలు. దాని తల సైజు 10. ఎమ్8కి సుమారు 25, ఎమ్10కి 50కి దగ్గరగా. ఈ అంకెలు ఇనుములోకి బిగించేటప్పటివి. అల్యూమినియం ఇంజిన్ కేసులోకి బిగిస్తుంటే బండి మాన్యువల్ చెప్పిన అంకే ప్రమాణం, అది తరచూ ఇంతకన్నా తక్కువే ఉంటుంది.

మరి 20 సెంటీమీటర్ల స్క్రూ స్పానర్‌తో 10 సైజు బోల్టుని "ఇంకొంచెం" అని లాగితే? కావలసినదానికి నాలుగు రెట్లు పడుతుంది. మొదట బోల్టు సాగుతుంది. తిప్పుతున్న చేతికి అది మెత్తగా, ఇంకా బిగుస్తున్నట్టే అనిపిస్తుంది. తర్వాత టక్కున తెగిపోతుంది.

స్పానర్ల సెట్టు చూస్తే చిన్న సైజుకి పొట్టి పిడి, పెద్ద సైజుకి పొడుగు పిడి కనిపిస్తాయి. ఇనుము ఆదా చేయడానికే అలా చేయలేదు. మామూలు చెయ్యి మామూలుగా లాగితే ఆ బోల్టుకి సరిపడా బలమే వెళ్లాలని అలా చేశారు. 10 స్పానర్ జానెడు కూడా ఉండదు. అనుభవమున్న మెకానిక్‌ని గమనించండి: చిన్న బోల్టు బిగించేటప్పుడు స్పానర్‌ని చివర పట్టుకోడు, తల దగ్గరికి జరిపి రెండు వేళ్లతో తిప్పుతాడు. అన్ని సైజులకీ ఒకే పనిముట్టు అనగానే ఆ పొడవులో దాగిన తెలివి పోతుంది. నోరు సర్దుకుంటుంది గానీ పిడి సర్దుకోదు. కింద చెప్పే ప్రతి రకాన్నీ నేను ఈ కోణంలోనే తూచాను.

ఇంకో మాట. మనం పెట్టే బలంలో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది: సుమారు సగం తల కింద, 40 శాతం మరల్లో. బోల్టుని నిజంగా బిగించి పట్టేది మిగిలిన 10 శాతమే. అందుకే మరలకి ఆయిల్ రాస్తే రాపిడి తగ్గి, అదే లాగుడుకి బోల్టు లోపల బిగువు బాగా పెరిగిపోతుంది. "ఆయిల్ పూశాం కదా, ఇంకా గట్టిగా లాగుదాం" అనుకోకండి, అప్పుడు ఇంకా తక్కువ లాగాలి.

స్క్రూ స్పానర్: అందరింట్లో ఉండేది

మన దగ్గర స్క్రూ స్పానర్ అనీ, అడ్జస్టబుల్ అనీ పిలిచే ఈ పనిముట్టుకి ఇప్పటి రూపం ఇచ్చినవాడు స్వీడన్‌కి చెందిన యోహాన్ పేటర్ యోహాన్సన్. 1890ల తొలి రోజుల్లో పేటెంట్ తీసుకున్నాడు. అంతకు కొన్నేళ్ల ముందు, 1888లో, పైప్ రెంచికి కూడా ఆయనే పేటెంట్ తీసుకున్నాడు. మన షాపుల్లో ఎక్కువగా కనిపించే టపారియా కూడా స్వీడన్ సాంకేతిక సహకారంతో మొదలైన నాసిక్ కంపెనీయే.

దీని గొప్పతనం చెప్పనక్కర్లేదు. మిల్లీమీటరు నట్టయినా అంగుళాల నట్టయినా ఒక్కటే సరిపోతుంది. పాత నీళ్ల మోటార్ల మీద, పాత వ్యవసాయ పనిముట్ల మీద అంగుళాల బోల్టులు ఇంకా కనిపిస్తాయి. అర అంగుళం నట్టు అంటే 12.7 మిల్లీమీటర్లు. దాని మీద 13 స్పానర్ పెడితే 0.3 వదులుంటుంది, తుప్పు పట్టిన నట్టయితే మూలలు చితికిపోతాయి. అక్కడ స్క్రూ స్పానర్ మంచి ఎంపిక. ముప్పావు అంగుళం అయితే 19.05 కాబట్టి 19 స్పానరే చక్కగా సరిపోతుంది.

బలహీనత కదిలే దవడలో ఉంది. కొత్తదానిలోనూ కొంచెం ఆట ఉంటుంది, వాడేకొద్దీ పెరుగుతుంది. పైగా పట్టేది రెండు పక్కలే. అందుకని రెండు అలవాట్లు చేసుకోవాలి. దవడని నట్టు మీద పెట్టి బిగించి, ఒకసారి కదిపి, మళ్లీ బిగించండి. తిప్పేటప్పుడు కదిలే దవడ ఉన్న వైపుకే లాగండి. అప్పుడు అసలు భారం కదలని దవడ మీద పడుతుంది. ఎదురు దిశలో తిప్పాలంటే స్పానర్‌ని తిరగేసి పెట్టుకోవాలి, అలాగే తోయకూడదు.

ఇంట్లో కుళాయి నట్లు, గీజర్ కనెక్షన్లు, మంచం బోల్టుల లాంటి పనులకి 8 అంగుళాలది ఒకటి ఉండాల్సిందే. బైక్ ఇంజిన్ దగ్గరకి మాత్రం రానివ్వకండి. నా బండి ఆయిల్ డ్రెయిన్ బోల్టు ఒక సర్వీసు షాపులో పొడుగు పిడితో బిగించి పంపారు. తర్వాత ఆయిల్ మార్చేటప్పుడు బోల్టుతో పాటు అల్యూమినియం మర కూడా తీగలా చుట్టుకుని బయటికి వచ్చింది. అంతకు ముందు వేరే పనిముట్టుతో పట్టడం వల్ల తల మూలలు కూడా అప్పటికే చితికి ఉన్నాయి. ఇంజిన్ కేసుకి కొత్త మర వేయించాల్సి వచ్చింది. బోల్టు ఖరీదు ఎంతో, ఆ పని ఖరీదు ఎంతో మీకు తెలుసు. ఆ రోజు నుంచే నాకు ఈ పొడవు లెక్క మీద పట్టింపు.

కటింగ్ ప్లయర్‌నీ, మల్టీటూల్‌నీ బిగింపుకి వాడొచ్చా

వాడకూడదు. ప్లయర్ దవడలు వాలుగా తెరుచుకుంటాయి, పళ్లు మూలల్ని నమిలేస్తాయి. పట్టు మన గుప్పిట బలం మీద ఆధారపడుతుంది. గుప్పిట అలిసిన క్షణంలో జారుతుంది.

మల్టీటూల్ విషయం కొంచెం వేరు. అమెరికాకి చెందిన టిమ్ లెదర్‌మన్ 1975లో యూరప్‌లో పాత ఫియట్ కారు వేసుకుని తిరిగాడు. ఆ కారు మరమ్మతులకి జేబులో కత్తి ఒక్కటే ఉండటంతో పడ్డ ఇబ్బందుల నుంచే ఆయనకి ఈ ఆలోచన పుట్టింది. 1983లో మొదటిది అమ్మకానికి వచ్చింది. దారిలో చిక్కుకున్నప్పుడు గమ్యం చేరడానికి అది నిజంగా గొప్ప సాధనం. తీగ కత్తిరించడానికీ, చిన్న స్క్రూ తిప్పడానికీ, క్లిప్పు లాగడానికీ బాగుంటుంది. బోల్టుని గట్టిగా బిగించడం మాత్రం దాని పని కాదు. ఒకటి కొంటే లోపలి బ్లేడుకీ, స్క్రూ డ్రైవర్‌కీ లాక్ ఉందో లేదో తప్పక చూడండి. లాక్ లేని స్క్రూ డ్రైవర్ ఒత్తిడిలో ఉన్నట్టుండి ముడుచుకుంటే వేళ్లు మధ్యలో ఇరుక్కుంటాయి.

డంబెల్ స్పానర్, స్ప్రింగు సూదుల సాకెట్

పాత సైకిల్ షాపుల్లో చూసే ఉంటారు: రెండు చివర్లా గుండ్రటి తలలు, ఒక్కో తలలో చుట్టూ ఐదేసి కన్నాలు, మొత్తం పది సైజులు. పనిముట్టు అంతా కలిపి అరచేతిలో పడుతుంది. దీన్ని చాలామంది తీసిపారేస్తారు గానీ నాకు గౌరవమే. సైకిల్ నట్లకి పెద్ద బలం అక్కర్లేదు, దీని పిడి పొట్టిది, కాబట్టి ఎంత లాగినా నట్టు తెగదు. ఆరు పక్కలూ పడుతుంది కూడా. చిక్కల్లా ఇరుకు చోట్లలో. లావుపాటి తల అందులో దూరదు. ఊడదీసేటప్పుడు తుప్పు పట్టిన నట్టు మీద బలం చాలదు. పిల్లల సైకిల్ కోసమైతే ఇది చాలు.

ఆన్‌లైన్‌లో ఈ మధ్య బాగా అమ్ముడవుతున్నది ఇంకొకటి ఉంది: ఒక గొట్టంలో బోలెడు ఉక్కు సూదులు, వెనక స్ప్రింగులు. నట్టు మీద నొక్కితే దాని ఆకారానికి తగ్గట్టు కొన్ని సూదులు లోపలికి పోతాయి, మిగిలినవి చుట్టూ పట్టుకుంటాయి. 7 నుంచి 19 వరకు ఒకటే సాకెట్ అని ప్రకటన. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కొక్కేలు, చెవుల నట్లు, తల అరిగిన చిన్న స్క్రూలు తిప్పడానికి బాగానే పనిచేస్తుంది. కానీ నట్టుకీ సూదులకీ మధ్య ఎప్పుడూ కొంత ఖాళీ ఉంటుంది, సూదులు పక్కకి వంగుతాయి. బండి చక్రం, బ్రేకు, ఇంజిన్ లాంటి చోట దీన్ని నమ్ముకోవద్దని గట్టిగా చెప్తాను. ఇంటి కోసం ఇదొక్కటే కొనడం కన్నా ఆ డబ్బుతో మంచి రింగ్ స్పానర్లు నాలుగు కొనుక్కోవడం మేలు.

తనంతట తానే సర్దుకునేవి

ఈ గుంపులో రెండు డిజైన్లు శ్రద్ధగా చూడదగ్గవి. మొదటిది జర్మనీ కంపెనీ నిపెక్స్ వాళ్ల ప్లయర్ రెంచి. పైకి ప్లయర్‌లానే ఉంటుంది. దాని దవడలకి పళ్లుండవు, నున్నగా ఉంటాయి, ఎంత తెరిచినా సమాంతరంగానే కదులుతాయి. పిడి నొక్కిన బలాన్ని పది రెట్లు చేసి దవడలకి అందిస్తుంది. అందుకే క్రోమ్ పూత ఉన్న కుళాయి నట్లని గీత పడకుండా తిప్పొచ్చు. ఖరీదు ఎక్కువే. బాత్రూమ్ ఫిట్టింగుల పని చేసేవాళ్లకి దానికి తగ్గ ఫలితం ఉంటుంది.

రెండోది అమెరికాలో డాన్ బ్రౌన్ రూపొందించగా 2005లో లాగర్‌హెడ్ టూల్స్ తెచ్చిన బయానిక్ రెంచ్. రెండు పిడులు నొక్కితే, కెమెరా కన్ను మూసుకున్నట్టు ఆరు చిన్న దవడలు ఒకేసారి దగ్గరికొచ్చి నట్టు ఆరు పక్కల్నీ పట్టుకుంటాయి. ఆరు పక్కలు పట్టే పద్ధతీ, మధ్యలో వదులు లేకపోవడమూ నాకు చాలా నచ్చిన ఆలోచన. అయితే తిప్పుతున్నంత సేపూ పిడులు నొక్కి పట్టుకునే ఉండాలి. తల వెడల్పు, గోడ పక్కనున్న నట్టుకి అందదు. కదిలే భాగాల మధ్య మట్టి, గ్రీజు చేరితే తుడుచుకోవాల్సి వస్తుంది. ట్రాక్టరు కింద పడుకుని పనిచేసేవాళ్లకి ఇది ఎక్కువ కాలం హాయినివ్వదు.

ఇలాంటి రెండు పిడుల పనిముట్టు కొనేటప్పుడు మీ చెయ్యి కొలత చూసుకోండి. అమెరికాలోని వృత్తి భద్రత పరిశోధన సంస్థ నియోష్ 2004లో ఇచ్చిన మార్గదర్శి ప్రకారం, బలంగా నొక్కే పనులకి పిడులు తెరిచినప్పుడు మధ్య దూరం 9 సెంటీమీటర్లు దాటకూడదు, మూసినప్పుడు 5 సెంటీమీటర్ల కన్నా తగ్గకూడదు. మన ఇళ్లలో ఆడవాళ్లు, చిన్న చేతులున్నవాళ్లు వాడతారు కాబట్టి 9 కన్నా తక్కువే ఉంటే ఇంకా మంచిది.

సాకెట్లు, రాట్చెట్: ఇక్కడే ఎక్కువమంది తప్పు సైజు కొంటారు

సురక్షితమైన పట్టు అంటే నా ఓటు ఆరు మూలల సాకెట్‌కే. చుట్టూ మూసి ఉంటుంది కాబట్టి పక్కకి జారదు. ఆరు మూలలదీ పన్నెండు మూలలదీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది: పన్నెండు మూలలది 30 డిగ్రీలకొకసారి కూర్చుంటుంది, ఇరుకులో సుఖం, కానీ అరిగిన నట్టు మీద మూలల్నే ఒత్తుతుంది. ఆరు మూలలది 60 డిగ్రీలకొకసారి కూర్చుంటుంది, పట్టు మాత్రం గట్టిది. రాట్చెట్ (ఒక వైపుకి పట్టి తిప్పుతూ, వెనక్కి ఖాళీగా జారే పిడి) ఉంటే ఎలాగూ సాకెట్ తీసి పెట్టే పని లేదు. 72 పళ్ల రాట్చెట్‌కి 5 డిగ్రీల కదలిక చాలు. కాబట్టి ఆరు మూలలదే తీసుకోండి.

షాపులో అడగ్గానే ఇచ్చేది అర అంగుళం డ్రైవ్ (పిడిని సాకెట్‌కి తగిలించే చదరపు కొస) పెట్టె. చూడ్డానికి ఘనంగా ఉంటుంది, కారు చక్రాల నట్లకి అదే కావాలి కూడా. కానీ బైకు మీద ఎక్కువ బోల్టులు ఎమ్6, ఎమ్8 సైజులవి. అర అంగుళం రాట్చెట్ పిడి పాతిక సెంటీమీటర్ల దాకా ఉంటుంది. దాంతో 10 సైజు బోల్టు బిగించడం అంటే దోమని సమ్మెటతో కొట్టడమే. బైకుకి పావు అంగుళం డ్రైవ్, లేదా 3/8 డ్రైవ్ తీసుకోండి. పొట్టి పిడి మీ బోల్టుల్ని తనే కాపాడుతుంది.

జపాన్ సంప్రదాయంలో వచ్చిన బండ్లకి సైజులు వేరేగా ఉంటాయని గుర్తుంచుకోవాలి. యూరప్ పద్ధతిలో ఎమ్8కి తల 13, ఎమ్10కి 17 లేదా 16. జపాన్ పద్ధతిలో ఎమ్8కి 12, ఎమ్10కి 14. అందుకే మన బైకుల దగ్గర 8, 10, 12, 14, 17 ఎక్కువగా తిరుగుతాయి. చిన్న బైకుల స్పార్క్ ప్లగ్‌కి చాలావరకు 16. ఈ బండ్ల మీదుండే స్టార్ స్క్రూలు కూడా అంతే: చాలావాటికి జపాన్ ప్రమాణపు గాడి ఉంటుంది, మన మామూలు ఫిలిప్స్ స్క్రూ డ్రైవర్ అందులో పూర్తిగా దిగదు, పైకి జారి గాడిని తినేస్తుంది. తల మీద చిన్న చుక్క ఉంటే అది జపాన్ రకమని గుర్తు.

బిగుసుకుపోయిన నట్టుని మొదటి కదలిక కోసం రాట్చెట్‌తో లాగకండి, లోపలి పళ్లు విరిగితే చెయ్యి ఒక్కసారిగా ముందుకు పోతుంది. రింగ్ స్పానర్‌తో గానీ, పెట్టెలో వచ్చే అడ్డకడ్డీతో గానీ వదులు చేసి, ఆ తర్వాత రాట్చెట్ వాడండి. మెరిసే క్రోమ్ సాకెట్లని, దెబ్బ మీద దెబ్బతో నట్టు తిప్పే ఇంపాక్ట్ గన్‌కి తగిలించడం ఇంకా ప్రమాదం. అవి పగిలి ముక్కలు ఎగురుతాయి. గన్‌కి నల్లటి, మందపాటి సాకెట్లు వేరే ఉంటాయి.

మామూలు స్పానర్ల సెట్టు పాతబడిందా

నేనైతే అలా అనుకోను. ఒక చివర తెరిచిన నోరు, ఇంకో చివర రింగు ఉన్న కాంబినేషన్ స్పానర్ కన్నా తెలివైన పనిముట్టు అరుదు. తెరిచిన నోరు పిడికి 15 డిగ్రీల వాలులో ఉంటుంది, అందుకే ఇరుకులో స్పానర్‌ని తిరగేసి తిరగేసి పెడితే 30 డిగ్రీల కదలికతోనే పని జరిగిపోతుంది. దించేటప్పుడూ ఎక్కించేటప్పుడూ నోరు, చివరి బిగింపుకి రింగు. ఈ ఒక్క క్రమం పాటిస్తే నట్లు ఎక్కువ ఏళ్లు బతుకుతాయి.

మన షెడ్లలో "పది-పదకొండు", "పన్నెండు-పదమూడు" అని జంటగా పిలిచే రెండు నోళ్ల స్పానర్లు కూడా మంచివే, కానీ రెండు చివర్లా తెరిచిన నోళ్లే కాబట్టి బిగింపుకి రింగు సెట్టు వేరే కావాలి. పొలంలో ట్రాక్టరు, మోటారు, స్ప్రేయరు ఉన్నవాళ్లు 8 నుంచి 19 దాకా కాంబినేషన్ సెట్టు, దానితో ఒక స్క్రూ స్పానర్ పెట్టుకుంటే చాలు. బురదలో పడ్డా కడిగి వాడుకోవచ్చు, చెడిపోయే కీలు ఒక్కటీ లేదు.

స్పానర్ పిడికి గొట్టం తొడిగి పొడవు పెంచడం, చివర సుత్తితో కొట్టడం మాత్రం మానుకోవాలి. ఊడదీయడం కష్టమైతే తుప్పు వదిలే నూనె వేసి గంటసేపు ఆగడం, అవసరమైతే వేడి చేయడం, లేదంటే నిజంగానే పొడుగ్గా, ఆ బలానికి తయారైన బ్రేకర్ బార్ వాడటం సరైన దారులు. ఎప్పుడైనా మన వైపుకి లాగాలి, తోయకూడదు. లాగేటప్పుడు జారితే చెయ్యి ఖాళీలోకి వస్తుంది. తప్పనిసరిగా తోయాల్సి వస్తే పిడికిలి బిగించకుండా అరచేతి మడమతో తోయండి.

కరెంటు, బ్యాటరీ దగ్గర ఇంకో జాగ్రత్త. కారు బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు నెగటివ్ చివర. పాజిటివ్ మీద ఉన్న స్పానర్ బాడీకి తగిలితే మెరుపులా నిప్పు లేస్తుంది. వేలికున్న ఉంగరం, చేతి గొలుసు తీసేయాలి. పిడికి రబ్బరు తొడుగు ఉన్నంత మాత్రాన అది షాక్ కొట్టదని కాదు, ఆ తొడుగు పట్టు కోసమే. కరెంటు పనికి పనికొచ్చే పనిముట్టు మీద జంట త్రిభుజం గుర్తు, 1000 వోల్టులు అని ముద్ర ఉంటాయి.

టార్క్ రెంచి ఎవరికి

మనం పెట్టిన అంకె మేరకు బిగింపు బలం రాగానే తెలియజేసే ఈ రెంచి, కారు చక్రాలు తామే మార్చుకునేవాళ్లకి, ఇంజిన్ హెడ్ విప్పేవాళ్లకి తప్పనిసరి. మిగిలినవాళ్లకి వెసులుబాటు ఉంటే మంచిది. దీంతో నట్లు ఊడదీయకండి. పని అయ్యాక అంకెని స్కేలు మీదున్న అతి తక్కువ దగ్గరికి తిప్పి పెట్టండి, లేకపోతే లోపలి స్ప్రింగు అలసిపోయి తప్పు చెప్తుంది. ఐఎస్‌ఓ 6789 ప్రమాణం ప్రకారం 5,000 బిగింపులకి గానీ ఏడాదికి గానీ ఏది ముందైతే అప్పుడు సరిచూపించాలి.

ప్రాజెక్టు చేస్తున్న పిల్లలకి

మీరు కొత్తగా తయారు చేయాలనుకుంటే, అన్ని సైజుల నోరు మీద మూడు నెలలు పోగొట్టుకోవద్దని నా మనవి. నోటికి ఇప్పటికే మంచి జవాబులున్నాయి. మార్చుకునే ఆరు మూలల సాకెట్ తలలు తీసుకోండి. మీ తెలివంతా పిడి మీద పెట్టండి.

ఒక ఆలోచన చెప్తాను. పిడి మీద మూడు చోట్ల వేలికి తగిలే గాడులు, మూడు రంగులు. నట్టు మధ్య నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర మొదటిది, 10 సైజు బోల్టుకి. 12.5 దగ్గర రెండోది, 13 సైజుకి. 25 దగ్గర మూడోది, 17 సైజుకి. 20 కిలోల లాగుడు లెక్కన ఈ చోట్ల వచ్చేది సుమారు 10, 25, 50 న్యూటన్ మీటర్లు, పైన చెప్పిన బోల్టులకి కావలసినంతే. సాకెట్‌కి కూడా అదే రంగు వేయండి. ఎర్ర సాకెట్ పెడితే ఎర్ర గాడి దగ్గర పట్టుకోవాలి. చదువు రానివాళ్లు కూడా వాడగలరు. ఊడదీయడానికి మాత్రం పూర్తి పొడవు. 20 కిలోల లాగుడు అందరికీ ఒకేలా ఉండదు కాబట్టి, పది మంది చేత వేలాడే తూకం కాటా లాగించి సగటు తీసి గాడుల్ని జరపండి. మీ రిపోర్టులో నిజంగా చదవదగ్గ పేజీ అదే అవుతుంది.

పిడి మందం 32 నుంచి 50 మిల్లీమీటర్ల మధ్య ఉంటే గుప్పిట బాగా పడుతుందని పైన చెప్పిన మార్గదర్శే అంటుంది. అంచులు గుండ్రంగా అరగదీయండి. చెమట చేతులకి జారకుండా గరుకు ఇవ్వండి, పదునైన గీతలు కాకుండా. నోరు మీరే చేసుకోవాలనుకుంటే మామూలు ఇనుప రేకుని గ్యాస్ కటింగ్ చేసి చేయకండి, అది రెండో బిగింపుకే తెరుచుకుపోతుంది. ఈఎన్8 లాంటి ఉక్కు తీసుకుని చెక్కి, గట్టిపరిచి, ఆ తర్వాత టెంపర్ (మళ్లీ కొంచెం వేడి చేసి పెళుసుతనం తగ్గించడం) చేయించండి. గట్టిపరచడంతో ఆపేస్తే పెళుసుగా మిగిలి ముక్క ఎగురుతుంది. సాకెట్‌ని కడ్డీకి వెల్డింగ్ చేసి టీ స్పానర్ చేయడం మన వెల్డింగ్ షాపుల్లో మామూలే. అయితే ఆ వేడికి అతుకు పక్కన ఉక్కు గుణం మారిపోతుంది, అక్కడే చీలిక మొదలవుతుంది. కాబట్టి సాకెట్ చదరపు కన్నంలో దూరే చదరపు కొస ఉన్న పిడి చేయించుకోండి. పరీక్షించేటప్పుడు చేత్తో లాగకుండా, బెంచి వైస్‌లో బోల్టు పట్టించి, పిడి చివర బరువులు వేలాడదీసి, మనిషి దూరంగా నిలబడాలి.

కొనడానికి వెళ్లేటప్పుడు

సికింద్రాబాద్ రాణిగంజ్‌కో, విజయవాడ ఆటోనగర్‌కో వెళ్తుంటే జేబులో మీ బండి నట్టు ఒకటి, 13 సైజుది, అరగనిది వేసుకెళ్లండి. షాపులో స్పానర్ నోట్లో పెట్టి అటూ ఇటూ తిప్పండి. లోపలికి సులువుగా దిగాలి, దిగాక టకటక కొట్టుకోకూడదు. స్క్రూ స్పానర్ అయితే దవడని 13 దగ్గర పెట్టి వేలితో ఊపి చూడండి. కదిలే దవడ పైకి కిందకి ఊగితే పక్కన పెట్టేయండి. రాట్చెట్‌ని చెవి దగ్గర పెట్టి నెమ్మదిగా తిప్పితే ప్రతి పన్నూ ఒకేలా పలకాలి, ఒక్కటి కూడా మౌనంగా దాటకూడదు.